నమోదైన రంగు: బంగారు

మంగతాయారు తన నలభై తొమ్మిదేళ్ళ జీవితంలో ముందూ వెనకా చూడకుండా చేసిన పని ఒక్కటే. చెల్లెలి కూతురు ప్రవల్లిక బ్యూటీషియన్ పరీక్షకి తన తల అప్పగించింది.

ఆ పరీక్షలో నల్లజుట్టును బంగారు రంగులోకి మార్చి చూపించాలి. తల ఇస్తామన్న స్నేహితురాళ్ళు ఒక్కొక్కరే ఫోన్లు ఎత్తడం మానేశారు. చివరికి ప్రవల్లిక మేడ మీది వాటాలో ఉండే మంగతాయారు దగ్గరికొచ్చి గడప మీద కూలబడింది.

"దొడ్డమ్మా, ఒక్క రెండ్రోజులు. రేపు ఆదివారం పరీక్ష. సోమవారం నీకెలాగూ సెలవు. ఆ సాయంత్రమే నల్లరంగు వేసేస్తాను. మంగళవారం నువ్వు ఆఫీసుకెళ్ళేసరికి ఎప్పట్లాగే ఉంటావు."

మంగతాయారు జిల్లా పాతపత్రాల సంరక్షణ శాఖలో సీనియర్ అసిస్టెంటు. ఎవరికీ అక్కర్లేని కాగితాలను చెదపురుగుల నుంచి కాపాడటం ఆ శాఖ బాధ్యత. ఇరవై ఆరేళ్ళుగా ఆవిడ ఆ పని శ్రద్ధగా చేస్తోంది. పెళ్ళి చేసుకోలేదు. నడుం దాటిన జడ తప్ప చెప్పుకోదగ్గ విలాసం ఏదీ లేదు. ఆ జడే అప్పగించింది.

ఆరుగంటల పరీక్ష అయ్యాక అద్దంలో చూసుకుంటే తన కుర్చీలో ఇంకెవరో కూర్చున్నట్టు అనిపించింది. ఆ మనిషి తనకన్నా కొంచెం ధైర్యస్తురాలిలా కూడా కనిపించింది. ప్రవల్లికకి మొదటి శ్రేణి వచ్చింది. ఇంటికొచ్చాక మంగతాయారు వంటింట్లోకి వెళ్తూ ఒకసారి, వస్తూ ఒకసారి అద్దం ముందు ఆగింది. ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు.

సోమవారం పొద్దున్న ఎనిమిదింటికి ఫోన్లో ఉత్తర్వు వచ్చింది. "ముఖ హాజరు యంత్రంలో ఉద్యోగుల నమోదు నేడు ఒక్కరోజే జరుగును. నమోదు కాని వారు సర్వీసులో లేనట్లు భావించబడును."

మంగతాయారు తల మీదుగా కొంగు కప్పుకుని వెళ్ళింది. నమోదు చేయడానికి రాజధాని నుంచి వచ్చిన టెక్నీషియన్ కొంగు తీయమన్నాడు. తీసింది. హాల్లో టైపు చప్పుళ్ళు ఆగిపోయాయి. టెక్నీషియన్ మాత్రం సంబరపడ్డాడు.

"జుట్టు రంగు గడిలో నలుపు, తెలుపు, బట్టతల, బంగారు అని నాలుగు బటన్లు ఇచ్చారు మేడం. పదమూడు జిల్లాలు తిరిగాను. ఈ నాలుగోది ఇంతవరకూ నొక్కలేదు."

నొక్కాడు.

ఆ సాయంత్రం ప్రవల్లిక మాట తప్పకుండా నల్లరంగు వేసింది. మంగళవారం మంగతాయారు ఎప్పటి మంగతాయారులా ఆఫీసు గుమ్మంలో యంత్రం ముందు నిలబడింది. యంత్రం నిలువెత్తు స్తంభం మీద పలకలా ఉంది. అందులోంచి తియ్యటి ఆడగొంతు పలికింది.

"పోలిక కుదరలేదు. మీరు మీరు కారు."

వెనకాల నిలబడ్డ సూపరింటెండెంట్ చలపతి అరక్షణం ఆలోచించి, ఆవిడను పక్కకి జరగమని తాను హాజరు వేసుకున్నాడు. తర్వాత ఆవిడను జిల్లా అధికారి భానోజీరావు గదిలోకి తీసుకెళ్ళాడు.

భానోజీరావు ఏ మాటనైనా ముందు మనసులో టైపు చేసుకుని తర్వాత పలికే మనిషి.

"సార్, రికార్డులో నా జుట్టు రంగు తప్పు పడింది. సరిచేయించండి," అంది మంగతాయారు.

"తప్పు పడిందా? ఆ రోజు మీ జుట్టు బంగారు రంగులో లేదా?"

"ఉందండి."

"మరి తప్పెలా అవుతుంది? రికార్డు సరిగ్గానే ఉంది. సరిలేనిది మీరు." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "పైగా సవరణలకి అయిదేళ్ళకోసారి అవకాశం ఇస్తారు. గడువు నిన్న సాయంత్రంతో ముగిసింది. చూడండి తాయారు గారూ, యంత్రం రాష్ట్రం మొత్తానికీ ఒకటే. మీరు ఈ శాఖలో ఒక ఉద్యోగిని. ఏది మారడం సులువో మీరే చెప్పండి."

బయటికొచ్చాక టెక్నీషియన్‌కి ఫోన్ చేస్తే అతను మర్యాదగానే వివరించాడు. "అందరి విషయంలోనూ యంత్రం ముఖం చూస్తుంది మేడం. రాష్ట్రంలో బంగారు జుట్టు మీ ఒక్కరికే కదా, జుట్టు చూడగానే దానికి పని అయిపోతోంది. ముఖం దాకా వెళ్ళట్లేదు."

నలభై అయిదు పనిదినాలు వరసగా హాజరు పడకపోతే ఉద్యోగం వదిలేసినట్టే లెక్క. ఆ నిబంధన ఒకప్పుడు మంగతాయారే స్వయంగా ఇద్దరు గుమస్తాలకు చదివి వినిపించింది.

ప్రవల్లిక రెండోసారి జుట్టు రంగు తీయడానికి ఒప్పుకోలేదు. "నిన్ననే నల్లరంగు పీల్చుకుంది దొడ్డమ్మా. మళ్ళీ బ్లీచ్ పెడితే జుట్టు జుట్టులా ఉండదు." కానీ ఉద్యోగం పోతుందంటే ఏం చేస్తుంది. తీసింది. బుధవారం యంత్రం "మంగతాయారు గారూ, స్వాగతం" అంది. పోలిక తొంభై రెండు శాతం.

పదిహేను రోజులు బాగానే గడిచాయి. ఆఫీసులో జనం అలవాటుపడ్డారు. పాత కాగితాల కోసం వచ్చేవాళ్ళు మాత్రం ఆవిడ సీటు దగ్గర చేతులు కట్టుకుని, ఆవిడకి తెలుగు వచ్చునో రాదో తెలియక సైగలు చేసేవారు. ఆవిడ గోదావరి యాసలో బదులిస్తే ఇంకా భయపడేవారు.

తర్వాత రంగు దిగడం మొదలైంది. తేనె రంగులో ఉన్నది పసుపుకి తిరిగింది, పసుపు రాగి కలిసినట్టు ఎర్రబారింది. పోలిక డెబ్భై నాలుగుకి, అక్కణ్ణుంచి అరవై మూడుకి పడింది. ఒక సోమవారం యాభై ఎనిమిది దగ్గర ఆగిపోయి, "పోలిక కుదరలేదు" అంది యంత్రం. అరవై దాటితేనే లోపలికి.

చలపతి ఫైలు తెరిచాడు. ఇరవై ఏళ్ళుగా ఆయన రాసిన నోట్‌ఫైళ్ళలో ఒక్క అక్షరం కొట్టివేత లేదు. ఇప్పుడూ తీరిగ్గా రాశాడు: "సదరు ఉద్యోగిని శిరోజములు నమోదు నాటికి బంగారు వర్ణములో ఉండి, దరిమిలా ఇత్తడి వర్ణమునకు మారినట్లు కంటికి కనిపించుచున్నది. బంగారము ఇత్తడిగా మారుట సాధారణముగా జరుగునది కాదు గనుక, ఎవరి ప్రమేయమున జరిగినదో తేల్చవలసి యున్నది."

ఫైలు భానోజీరావు దగ్గరికి వెళ్ళి, ముగ్గురు సభ్యుల వర్ణ నిర్ధారణ కమిటీగా తిరిగొచ్చింది. అధ్యక్షుడు భానోజీరావు, కార్యదర్శి చలపతి. మూడో సభ్యుడిగా నిపుణుడు ఉండాలి. బంగారానికీ ఇత్తడికీ తేడా చెప్పగల నిపుణుడు ఎవరంటే, బజారులో నగలు పరీక్షించే వీరభద్రాచారి పేరు అందరికీ ఒకేసారి తట్టింది.

ఆయన గీటురాయి పట్టుకుని వచ్చాడు. కుర్చీలో కూర్చోబెట్టిన మంగతాయారును చూసి, కమిటీని చూసి, మళ్ళీ ఆవిడను చూశాడు.

"ఇది వెంట్రుకండి," అన్నాడు.

"ఆ విషయంలో కమిటీకి భిన్నాభిప్రాయం లేదు," అన్నాడు భానోజీరావు. "బంగారమా, ఇత్తడా అన్నదే ప్రశ్న."

పెద్దమనుషుల మాట కాదనలేక వీరభద్రాచారి ఆవిడ జడ కొస పట్టుకుని, "క్షమించండమ్మా" అని గొణిగి, గీటురాయి మీద నాలుగుసార్లు రాశాడు. కొన్ని వెంట్రుకలు తెగి రాయికి అంటుకున్నాయి.

"గీత పడలేదండి."

"అంటే బంగారం కాదంటారు."

"అంటే వెంట్రుకంటానండి."

చలపతి మినిట్స్‌లో రాసుకున్నాడు: "నిపుణుడు బంగారమని ధ్రువీకరించలేదు. ఇత్తడి అన్న ఆరోపణను ఖండించనూ లేదు." మర్నాడు మంగతాయారుకి మెమో అందింది. తన సంరక్షణలో ఉన్న బంగారు వర్ణమును ఇత్తడిగా మారనిచ్చినందుకు ఆమెపై ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో సంజాయిషీ ఇవ్వాలి. ఆవిడ రోజూ వస్తోంది, గుమ్మం పక్కన బల్ల మీద కూర్చుని ఫైళ్ళు చూస్తోంది, సాయంత్రం అయిదున్నరకి వెళ్తోంది. హాజరు పుస్తకంలో మాత్రం అది అనధికార గైర్హాజరులో పదిహేడో రోజు.

సంజాయిషీగా ఆవిడ ప్రవల్లికను వెంట తీసుకొచ్చింది.

ప్రవల్లికకు కమిటీల ముందు ఎలా మాట్లాడాలో తెలియదు. పరీక్ష పాసయ్యాక పెట్టుకున్న పార్లర్లో కస్టమర్లకి చెప్పినట్టే చెప్పింది. "నల్లజుట్టుకి రంగు తీసేస్తే అడుగున ఎప్పుడూ ఎరుపూ నారింజా పసుపూ ఉంటాయండి. అవి కనిపించకుండా పైన మనం వేసిన రంగు తలస్నానం చేసినప్పుడల్లా కొంచెం కొంచెం పోతుంది. మన ఊరి బోరు నీళ్ళల్లో ఇనుము ఎక్కువ, దానికి తోడు ఎండ. అప్పుడు అడుగున ఉన్నది పైకొస్తుందండి. మా దొడ్డమ్మ తప్పేం లేదు."

"అంటే పైన పూసింది పోయి, లోపలి అసలు రంగు బయటపడుతోంది అంటావు," అన్నాడు భానోజీరావు.

"అవునండి."

"అది మాత్రం మినిట్స్‌లో రాయకండి," అన్నాడాయన చలపతితో. "మరి విరుగుడేమిటమ్మాయ్?"

"ఊదారంగు షాంపూ ఉంటుందండి. ఊదా పసుపుని అణిచేస్తుంది. తడి జుట్టుకి పట్టించి మూడు నిమిషాలుంచి కడిగేయడమే. కానీ ఈ జుట్టు ఇప్పటికే బాగా పాడైందండి. రెండువారాలు ముందు బలం పట్టించి..."

"మూడు నిమిషాల పనికి రెండు వారాలెందుకు? కమిటీ సమక్షంలో జరిపిద్దాం."

శుక్రవారం పదకొండింటికి ఆఫీసు వెనక వరండాలో ఏర్పాట్లు జరిగాయి. బోరు నీళ్ళు పనికిరావని ప్రవల్లిక రెండు క్యాన్ల మంచినీళ్ళు తెచ్చింది. మంగతాయారు మెడ చుట్టూ తువ్వాలు కప్పుకుని ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుంది. చలపతి ఉత్తర్వు చదివాడు, భానోజీరావు సంతకం పెట్టాడు, ప్రవల్లిక షాంపూ పట్టించింది. సరిగ్గా అప్పుడే ప్రధాన కార్యాలయం నుంచి వీడియో సమావేశానికి పిలుపొచ్చి భానోజీరావు లోపలికి వెళ్ళాడు.

మూడు నిమిషాలయ్యాయి. ప్రవల్లిక మగ్గు అందుకుంది.

"ఆగమ్మా," అన్నాడు చలపతి. "ఇది పూయడానికి ఇచ్చిన ఉత్తర్వు. కడగడానికి వేరే ఉత్తర్వు కావాలి."

"కడక్కపోతే రంగు పట్టేస్తుందండి."

"అర్థమైందమ్మా. కానీ ఉత్తర్వు లేకుండా కడిగితే, అసలు పూసినట్టు రుజువేదని రేపు ఆడిట్ వాళ్ళు అడుగుతారు. నేనేం చెప్పను?"

ప్రవల్లిక దొడ్డమ్మ వైపు చూసింది. ఇరవై ఆరేళ్ళ సర్వీసులో సంతకం లేని కాగితం ముట్టని మనిషి మంగతాయారు. "ఉండవే, వచ్చేస్తారులే," అంది కళ్ళు మూసుకుని. షాంపూ నుదుటి మీదికి కారుతుంటే తువ్వాలుతో ఒత్తుకుంది. మధ్యలో చలపతి ఆవిడకి టీ తెప్పించాడు. ఆయన చెడ్డవాడు కాదు.

భానోజీరావు గంటా నలభై నిమిషాల తర్వాత వచ్చి సంతకం పెట్టాడు. ప్రవల్లిక క్యాను ఎత్తి కుమ్మరించింది.

"ఫలితం?" అడిగాడాయన.

"పసుపు పూర్తిగా పోయింది సార్," అన్నాడు చలపతి.

నిజమే, పోయింది. జుట్టు మొత్తం నేరేడుపండు రంగులో ఉంది. యంత్రం ముందు నిలబెడితే అది చాలాసేపు ఆలోచించింది. "ఈ రంగు జాబితాలో లేదు. సంబంధిత అధికారిని సంప్రదించండి," అంది. సంబంధిత అధికారి పక్కనే ఉన్నాడు. ఆయన యంత్రాన్ని చూసి తలపంకించి భోజనానికి వెళ్ళిపోయాడు.

నేరేడు రంగు నాలుగైదు తలస్నానాల్లో దిగింది. దాంతోపాటు జుట్టూ దిగింది. తడిగా ఉన్నప్పుడు వెంట్రుక పట్టి లాగితే రబ్బరులా సాగి పుటుక్కుమనేది. దువ్వెన పెడితే దువ్వెనకే సగం వచ్చేది. ప్రవల్లిక పార్లర్ మూసేసి మరీ కొబ్బరినూనె, పెరుగు, ఖరీదైన క్రీములు, తనకు తెలిసినవన్నీ పట్టించింది. ముప్పై, ముప్పై అయిదు, నలభై. గైర్హాజరు రోజులు మాత్రం నిబంధన ప్రకారం నడిచాయి.

నలభై రెండో రోజు సాయంత్రం మంగతాయారు అద్దం ముందు కూర్చుని, దిండు మీద రాలిన వెంట్రుకలు ఏరి ఒళ్ళో పెట్టుకుంది. ఆవిడ ఏడవడం ప్రవల్లిక ఎప్పుడూ చూడలేదు.

"జుట్టు పోతోందని కాదే," అంది మంగతాయారు. "పొద్దున్న ఆ గుమ్మంలో నిలబడి నేను నేనేనయ్యా అని చలపతి గారితో చెప్తున్నాను. ఆయన ఎంత మర్యాదగా విన్నాడనుకున్నావ్. నిజమేనండి, కానీ ఆధారం లేదు అన్నాడు. ఇన్నేళ్ళూ ఎదురుగా కూర్చున్న మనిషి."

ప్రవల్లిక వెనకాల నిలబడి ఆవిడ తల నిమిరింది. కుదుళ్ళలో అంగుళం మేర కొత్త జుట్టు వచ్చి ఉంది. నలుపులో తెలుపు కలిసి, మెత్తగా, ఏ దెబ్బా తగలకుండా.

"ఇది బాగుంది దొడ్డమ్మా. దీన్ని ఆ కింది జుట్టే బతకనివ్వట్లేదు."

"అయితే కోసెయ్యి."

"దొడ్డమ్మా..."

"కోసెయ్యవే. కోసి, దాన్నే విగ్గుగా కుట్టు. రేపు పెట్టుకెళ్తాను. వాళ్ళకి కావలసింది అదేగా."

ప్రవల్లిక పాయలు పాయలుగా కట్టి కత్తిరించింది. చివర్లు జానెడు తీసేసి, మిగిలినదాన్ని మెత్తటి జాలీకి కుట్టింది. ఒకరోజంతా ఆ పనే. తలమీంచి దిగాక ఆ జుట్టు చెప్పిన మాట వినడం మొదలుపెట్టింది. ఎండ లేదు, చెమట లేదు, బోరు నీళ్ళు లేవు, దిండు రాపిడి లేదు. క్యాన్ నీళ్ళతో కడిగి, ఊదా షాంపూ గడియారం చూసి మూడు నిమిషాలు మాత్రం ఉంచి, క్రీము పట్టించి నీడన ఆరబెట్టేసరికి పరీక్షనాటి తేనె రంగు తిరిగొచ్చింది. మొదటి శ్రేణి వచ్చిన రోజు కూడా అంత నిగనిగలాడలేదు.

నలభై నాలుగో రోజు మంగతాయారు విగ్గును గుడ్డసంచిలో పెట్టుకుని వెళ్ళింది. దారిలో పెట్టుకుంటే చెమట పడుతుందని, యంత్రం ముందుకొచ్చాక తీసి దులిపింది. తలకి పెట్టుకోబోతోంది.

"మంగతాయారు గారూ, స్వాగతం," అంది యంత్రం. "పోలిక తొంభై తొమ్మిది శాతం."

ఆవిడ విగ్గు పెట్టుకుని సర్దుకుంది.

"మీరు ఇప్పటికే హాజరయ్యారు."

హాజరు పడింది కదా అని విగ్గు తీసి సంచిలో పెట్టి లోపలికి అడుగేసింది. యంత్రం ఎర్రగా వెలిగింది. "అపరిచిత వ్యక్తి. అనుమతి లేదు."

చలపతి పరుగున వచ్చాడు. పొట్టిజుట్టు మంగతాయారును చూశాడు, సంచిని చూశాడు, తెరను చూశాడు. నలభై నాలుగు రోజుల తర్వాత ఆ పేరుకి ఎదురుగా పచ్చటి చుక్క వెలుగుతోంది. ఆయన మొహంలో నిజమైన సంతోషం కనిపించింది.

"అభినందనలండి. ఇక మీ ఉద్యోగానికి భయం లేదు." సంచి రెండు చేతులతో అందుకున్నాడు. "మేడం గారిని నేను సీటు దగ్గరికి చేరుస్తాను. మీరు మాత్రం విజిటర్స్ పుస్తకంలో సంతకం పెట్టాలి. పేరు, వచ్చిన పని."

"ఎవర్ని కలవాలని రాయను చలపతి గారూ?"

ఆయన చేతిలోని సంచి వైపు చూశాడు. "మంగతాయారు గారిని," అన్నాడు.

విగ్గును ఆవిడ బల్ల మీద స్టాండుకి తగిలించారు. ఫైళ్ళు ఎప్పట్లా ఆ బల్ల మీదికే వచ్చేవి. నాలుగు రోజులయ్యాక తర్వాతి బల్లకి జరిగేవి. అంతకుముందూ అలాగే జరిగేవి కాబట్టి పనికి అంతరాయం కలగలేదు. వారం రోజులు మంగతాయారు విజిటరుగా వచ్చి పక్కన కూర్చుని పని చేసింది. ఎనిమిదో రోజు భానోజీరావు పిలిచి, బయటివ్యక్తులు ప్రభుత్వ పత్రాలు ముట్టరాదని సున్నితంగా చెప్పాడు.

ఆవిడ ఇంటికెళ్ళి స్వచ్ఛంద విరమణకి దరఖాస్తు రాసింది. తాను విధులకు రావడం లేదనీ, జీతం ఆపేయమనీ కూడా అందులో రాసింది. పది రోజులకి జవాబొచ్చింది. "శ్రీమతి మంగతాయారు క్రమము తప్పక విధులకు హాజరగుచున్నందున, వారి తరఫున ఇతరులు సమర్పించిన దరఖాస్తు తిరస్కరించడమైనది. ఇకపై ఇట్టి తప్పుడు సమాచారము ఇచ్చినచో చర్య తీసుకొనబడును." శ్రీమతి అని పడటం ఆవిడ గమనించింది. సరిచేయమని రాయలేదు.

మర్నాటి నుంచి మంగతాయారు ప్రవల్లిక పార్లర్‌కి వెళ్ళడం మొదలుపెట్టింది. ఏ తలకి ఏది పడదో, ఏ రంగు ఎన్నాళ్ళకి దిగుతుందో, ఎవరి జుట్టు తడిస్తే సాగుతుందో పుస్తకంలో రాసిపెట్టేది. ఎవరైనా బంగారు రంగు కావాలని వస్తే ముందు వాళ్ళను కూర్చోబెట్టి ఊళ్ళో నీళ్ళ సంగతి చెప్పేది. విని సగంమంది లేచి వెళ్ళిపోయేవారు. మిగతా సగం ఆవిడ చెప్పినట్టల్లా చేసేవారు. నెలకొకసారి ఆఫీసు నుంచి అటెండరు విగ్గును డబ్బాలో పెట్టి తెచ్చేవాడు. ఊదా షాంపూ మూడు నిమిషాలు పట్టించి, రసీదు రాయించుకుని పంపేది.

ఏడాది చివర మంగతాయారు గురించి రహస్య నివేదికలో భానోజీరావు రాసింది ఆఫీసంతా చెప్పుకున్నారు. "సమయపాలన ఉత్తమము. సెలవు కోరలేదు. పై అధికారులకు ఎదురు చెప్పినట్లు దాఖలాలు లేవు." నివేదికను బట్టి పదోన్నతి వచ్చింది. పదోన్నతితోపాటు బదిలీ. రాష్ట్రం ఆ చివర, కొండల్లో ఉన్న జిల్లాకి సూపరింటెండెంటుగా వెళ్ళాలి.

వీడ్కోలు సభకు మంగతాయారునూ ప్రవల్లికనూ విజిటర్లుగా పిలిచారు. విగ్గుకి శాలువా కప్పారు, దండ వేశారు. చలపతి లేచి మాట్లాడాడు. మేడం గారు ఒక్కనాడు కూడా ఎవరినీ నొప్పించలేదన్నాడు. జీపు ముందుసీట్లో విగ్గును కూర్చోబెట్టి బెల్టు కట్టారు. ఎండ తగలకుండా అద్దం ఎత్తమని మంగతాయారు డ్రైవరుకి చెప్పింది. అక్కడి నీళ్ళు ఎలా ఉంటాయో కనుక్కోమని కూడా చెప్పింది.

జీపు గేటు దాటి వెళ్ళిపోయింది. ఇద్దరూ నడుచుకుంటూ పార్లర్‌కి వచ్చేశారు.

మర్నాడు మధ్యాహ్నం ఒక పెళ్ళికూతురి తలకి నూనె రాస్తుండగా మంగతాయారు ఫోన్ మోగింది. చెయ్యి తుడుచుకుని చూసింది. "మంగతాయారు గారూ, మీరు ఈ ఉదయం పది గంటలకు కొత్త కార్యాలయంలో విధుల్లో చేరారు. పోలిక నూరు శాతం. శుభాకాంక్షలు."

"ఎవరు దొడ్డమ్మా?" అంది ప్రవల్లిక.

"నేనేనే. క్షేమంగా చేరానట," అని ఫోన్ పక్కన పెట్టి, మంగతాయారు మళ్ళీ నూనె గిన్నె అందుకుంది.